కొంగుముడి లెక్క

(క్లాసు బయట మాటలు – 19)

నెల కిందట ఒక రాత్రి పదకొండింటప్పుడు నా ఫోన్‌కి తెలియని నంబరు నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. చూస్తే మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అబ్బాయి ఫొటో. ఫొటో మీద ఎర్ర అక్షరాలతో 'దొంగ' అని రాసి ఉంది. ఇతను మా దగ్గర డబ్బు తీసుకుని ఎగ్గొట్టాడు, మీ నంబరు హామీగా ఇచ్చాడు, రేపు పొద్దునకల్లా మీరు కట్టించకపోతే ఈ ఫొటో ఇంకా చాలామందికి వెళ్తుంది అని కింద ఇంకో మెసేజ్. అప్పటికే వెళ్ళిందని తెల్లారాక తెలిసింది. వాళ్ళ అమ్మకి, మేనమామకి, క్లాసులో ముప్పై మందికి, వాళ్ళ చర్చి పాస్టరు గారికి.

పిల్లాడు మర్నాడు కాలేజీకి రాలేదు. మూడో రోజూ రాలేదు. ఫోన్ స్విచ్చాఫ్. నాకు భయమేసింది. ఇలాంటి మెసేజ్‌ల తర్వాత ఏం జరుగుతుందో 2020 చివర్లో పేపర్లలో వరసగా చదివాం. బండేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. పల్లె చివర, చెరువు కట్ట పక్కన ఇల్లు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ మాట్లాడలేదు. వాళ్ళమ్మ మంచం వాల్చి, "కూర్చోండి సార్" అని, నీళ్ళిచ్చి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. వాడి నోటి నుంచి అసలు సంగతి రావడానికి అరగంట పట్టింది.

సెమిస్టరు పరీక్ష ఫీజు 1,450 రూపాయలు. ఆ రోజు ఆఖరు తేదీ. చేతిలో రెండొందలున్నాయి. ఫోన్‌లో ఏదో యాడ్ కనిపించింది. నాలుగు వేలు అప్పన్నారు, చేతికొచ్చింది 2,600. మిగతాది ప్రాసెసింగ్ ఫీజట. వారం తిరిగేసరికి నాలుగు వేలూ కట్టాలి. అంటే 2,600కి వారానికి 1,400 వడ్డీ. మన ఊళ్ళో నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి ఇన్నాళ్ళూ రాక్షసుడనుకున్నాను. ఈ యాప్ పక్కన నిలబెడితే ఆయన ధర్మప్రభువు.

"నన్ను అడగొచ్చు గదరా" అన్నాను.

"అడుగుదామనే స్టాఫ్‌రూమ్ దాకా వచ్చా సార్. లోపల అందరూ ఉన్నారు" అన్నాడు.

ఈ అబ్బాయి ఊరికే తిరిగేవాడేం కాదు. పెళ్ళిళ్ళ సీజన్లో క్యాటరింగ్‌కి వెళ్తాడు. రాత్రికి ఐదొందలు, ఒక పూట భోజనం. ఏప్రిల్, మే నెలల్లో పద్దెనిమిది రాత్రులు వెళ్ళాడట. తొమ్మిది వేలు. "ఆ డబ్బులేం చేశావు?" అంటే కాసేపు ఆలోచించి, "తెలియదు సార్" అన్నాడు. తిట్టాలనిపించింది. తిట్టలేదు. ఆ 'తెలియదు' నాకు బాగా తెలుసు. దాని సంగతి చెప్తాను.

ముందు ఆ యాప్ విషయం ముగిద్దాం. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. స్క్రీన్‌షాట్లన్నీ దాచాం. అప్పిచ్చే యాప్ ఏదైనా సరే మీ కాంటాక్టుల జోలికి, ఫొటోల జోలికి పోకూడదనీ, ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో ముందే చూపించాలనీ రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. కాంటాక్టులు చూపించమని అడిగిందంటే అక్కడే ఆపెయ్యండి. ఇది మీ జూనియర్లకి తప్పకుండా చెప్పండి.

ఇక పొదుపు.

పోయిన ఏడాది మా కాలేజీకి ఒకాయన వచ్చి విద్యార్థులు పొదుపు ఎలా చెయ్యాలో గంటన్నర చెప్పి వెళ్ళాడు. మంచి సూటు, మంచి స్లైడ్లు. రోజుకి రెండు టీలు మానేసి ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే అరవై ఏళ్ళకి కోటీశ్వరులవుతారని లెక్కగట్టి చూపించాడు. పిల్లలు నవ్వుకున్నారు. హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకోనివాళ్ళు. ఆయన మానెయ్యమన్న ఆ రెండు టీలతోనే సాయంత్రం దాకా నెట్టుకొచ్చేవాళ్ళు.

మన పేదరికానికి మన టీయే కారణమైనట్టు మాట్లాడతారు వీళ్ళు. సెంటు భూమి లేకుండా తరాలు గడిచిన సంగతి ఏ స్లైడులోనూ రాదు, పది రూపాయల టీ మాత్రం వస్తుంది. పైగా నేను రాజకీయాలు నేర్చుకుందే టీ బండి దగ్గర. అంబేడ్కర్‌ని నాకు మొదట పరిచయం చేసింది మా సిలబస్ కాదు, యూనివర్సిటీ గేటు బయట నిలబడి రెండు టీలు మూడు చేయించే ఒక సీనియర్ అన్న. ఆ టీలకి పెట్టిన ఖర్చు మీద నాకే బాధా లేదు. ఫోన్ కూడా అంతే. 'స్కాలర్‌షిప్ తీసుకునేవాడికి అంత ఫోనెందుకండీ' అనే మాట స్టాఫ్‌రూముల్లో వింటూనే ఉంటాను. స్కాలర్‌షిప్‌కి అప్లై చెయ్యాలన్నా, ఓటీపీ రావాలన్నా, హాల్‌టికెట్ దించుకోవాలన్నా ఆ ఫోనే గదా కావాల్సింది.

అయితే ఆ సూటు పెద్దమనిషి మీద కోపంతో, పొదుపనే మాటే మనది కాదని నేను చాలాకాలం అనుకున్నాను. ఎవరైనా డబ్బు దాచుకుంటున్నారంటే వాడు ఉద్యమానికి దూరమవుతున్నాడని లెక్కేసేవాణ్ణి. జేబులో ఉన్నది అందరిదీ, అయిపోతే రేపటి సంగతి రేపు. అదొక గొప్ప విషయంలా ఉండేది.

2015 అక్టోబరులో నాకు ఫెలోషిప్ బకాయి వచ్చింది. తొమ్మిది నెలలది ఒక్కసారే. నెలకి పాతిక వేల చొప్పున 2,25,000. మా ఇంటి పేరున్న వాళ్ళలో ఎవరూ అంత డబ్బు ఒకచోట చూసి ఉండరు. ఏటీఎం దగ్గర బ్యాలెన్స్ చీటీ మూడుసార్లు తీసి చూసుకున్నాను. ఆ డబ్బు ఎక్కడికి పోయిందంటే: తొమ్మిది నెలలుగా స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్ళు 48 వేలు, మెస్ బకాయి 31 వేలు, చెల్లి బీఈడీకి 40 వేలు, ఇంటి మీద రేకులు మార్చడానికి 20 వేలు, ఫోన్ 17 వేలు, పుస్తకాలు 9 వేలు, డిసెంబరు 6న క్యాంపస్‌లో పెట్టిన సభకి ఫ్లెక్సీలు, సౌండ్, భోజనాలు కలిపి 12 వేలు, స్నేహితులకి పార్టీ 6 వేలు. కూడితే 1,83,000 వస్తుంది. మిగిలిన 42 వేలు ఏమయ్యాయో ఈ రోజుకీ నాకు తెలియదు. సంక్రాంతి కల్లా ఖాతాలో నాలుగొందలున్నాయి.

రాసినవాటిలో ఒక్కదానికీ నేను బాధపడను, పార్టీతో సహా. బాధంతా రాయలేకపోయిన ఆ 42 వేల గురించి.

ఆ జనవరిలోనే రోహిత్ మనల్ని వదిలి వెళ్ళాడు. క్యాంపస్‌లన్నీ రోడ్ల మీద ఉన్న రోజులు. ఫిబ్రవరిలో మా నాయన ట్రాక్టరుకి మిర్చి టిక్కీలు ఎత్తుతూ పైనుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్‌కి ముందు అరవై వేలు కట్టమన్నారు ఆసుపత్రిలో. నా స్నేహితుల్లో సగం మందికి ఫెలోషిప్‌లు ఆగి ఉన్నాయి. తిరిగినన్ని చోట్లా తిరిగాక అమ్మ అంది: "కామందు గారింటికి పోదాం పదయ్యా."

మా నాయన పెళ్ళికి ముందు ఎనిమిదేళ్ళు పాలేరుగా ఉన్న ఇల్లది. వరండా మెట్ల కింద నిలబడ్డాను. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, కాళ్ళే ఆగాయి. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. నూటికి మూడు రూపాయలన్నాడు. ప్రోనోటు రాయించి, రెవెన్యూ స్టాంపు అంటించి, "పీహెచ్‌డీ చేస్తన్నావంట గదా, ఇంగ్లీషులో పెట్టు సంతకం" అన్నాడు. తెలుగులో పీహెచ్‌డీ చేసేవాణ్ణి, ఇంగ్లీషులో సంతకం పెట్టాను.

నెలకి 1,800 వడ్డీ. అసలు తీర్చడానికి 26 నెలలు పట్టింది. అంటే అరవై వేలు కాక ఇంకో 46,800. ఆ 42 వేలు చేతిలో ఉన్నా ఇంకా 18 వేలు తక్కువే గదా అని మీరనొచ్చు. నిజమే. 18 వేలు ఇద్దరు ముగ్గురి దగ్గర వడ్డీ లేకుండా పుడతాయి. అరవై వేలు పుట్టవు.

డబ్బు పోతే పోయింది. 2017 ఏప్రిల్లో మా ఊరి సెంటర్లో అంబేడ్కర్ విగ్రహం పెట్టాలని పల్లె కుర్రాళ్ళు దిమ్మె కట్టారు. తెల్లారేసరికి అది పగిలిపోయి ఉంది. పగలగొట్టినవాళ్ళలో కామందు తమ్ముడి కొడుకు ఉన్నాడని పల్లెంతా చెప్పుకుంది. ఫిర్యాదు రాయడానికి, తహసీల్దారు దగ్గర మాట్లాడటానికి చదువుకున్నోడు కావాలని నాకు ఫోన్ చేశారు. బ్యాగ్ సర్దుకున్నాను కూడా. ఇంతలో నాయన ఫోన్ చేశాడు. "నువ్వు రామాకు. నోటు వాళ్ళింట్లో ఉంది" అన్నాడు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

నేను వెళ్ళలేదు. వైవా ఉందని అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం క్యాంపస్‌లో దళిత సాహిత్యంలో ఆత్మగౌరవం మీద నా ప్రసంగం ఉంది. అది మాత్రం ఇచ్చాను. చప్పట్లు కొట్టారు.

ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు. ఆ రోజు ఫోన్ చేసిన కుర్రాళ్ళలో ఇద్దరు ఈ వ్యాసాలు చదువుతారు, వాళ్ళకి తెలియాలనే ఇప్పుడు రాస్తున్నాను. నేను వెళ్ళి ఏం పొడిచేవాణ్ణో తెలియదు. కానీ ఆ నోటు లేకపోతే బస్సు ఎక్కేవాణ్ణి.

అప్పు మనకి కొత్త కాదు. పాలేరుతనమంటేనే అప్పు. పెళ్ళికో చావుకో తీసుకున్న చిన్న మొత్తానికి మనిషే వడ్డీ కింద జమయ్యేవాడు. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వెట్టిని ఒక్కదాన్నే రద్దు చేసి ఊరుకోలేదు, దాని వెనకున్న అప్పు కూడా చెల్లదంది. గొలుసు ఎక్కడ కట్టి ఉందో ఆ చట్టం రాసినవాళ్ళకి తెలుసు. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం చూసొచ్చి పిల్లల్ని బడిలో వేసినవాళ్ళ గురించి మా పెద్దలు చెప్పేవాళ్ళు. ఆ నాటకంలో చదువు గొలుసు తెంపుతుంది. నా విషయంలో చదువు అయింది, గొలుసు మాత్రం ప్రోనోటు రూపంలో మళ్ళీ వచ్చింది.

ఒక చిన్న పక్కదారి. బడిలో మనందరిచేత సుమతీ శతకం బట్టీ పట్టించారు గదా. ఎలాంటి ఊళ్ళో కాపురముండాలో చెప్పే పద్యం ఒకటుంది. ఊరికి ఉండి తీరాల్సినవాటిలో మొట్టమొదట వచ్చేది అప్పిచ్చేవాడు. వైద్యుడు కూడా ఆయన తర్వాతే. ఏరుంది, బ్రాహ్మడున్నాడు. నాగలి పట్టేవాడు, చెప్పు కుట్టేవాడు లేరు. అప్పు తీసుకునేవాడు మాత్రం పద్యంలో కనపడకపోయినా ఉన్నట్టే. వాడు లేకపోతే మొదటివాడికి ఆ ఊళ్ళో పనేముంది? క్లాసులో ఈ పద్యం చెప్పినప్పుడల్లా పిల్లల్ని అడుగుతాను, ఇందులో మీ తాత ఎక్కడున్నాడో చూపించమని.

బాబాసాహెబ్ సంగతి చూడండి. మనం ఆయన్ని రాజ్యాంగంతోనే గుర్తుపెట్టుకున్నాం. ఆయన అర్థశాస్త్రవేత్త అనీ, లండన్లో డీఎస్సీ కోసం రాసింది రూపాయి సమస్య మీదనీ, అది 1923లో పుస్తకంగా వచ్చిందనీ సభల్లో ఒక వాక్యంలో చెప్పి దాటేస్తాం. ఆ డీఎస్సీకి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో అసలే చెప్పం. 1913లో కొలంబియాకి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద, నెలకి పదకొండున్నర పౌన్లు, మూడేళ్ళకి. ఆ గడువు అయిపోయాక లండన్ చదువు మధ్యలో ఆపి 1917లో వెనక్కి రావాల్సి వచ్చింది. ఒకరిచ్చే డబ్బు మీద నడిచే చదువు ఎక్కడ ఆగుతుందో ఆయనకి అప్పుడే తెలిసింది. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరి, జీతంలోంచి కూడబెట్టాడు. దానికి కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, స్నేహితుడు నవల్ భతేనా దగ్గర తీసుకున్న ఐదు వేల అప్పు కలిపి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళాడు. సొంత పొదుపు, ఒక సాయం, ఒక స్నేహితుడి అప్పు. మూడూ ఉన్నాయి. ఒక్కటి తగ్గినా ఆ పుస్తకం ఉండేదో లేదో.

ఆయన అక్కడ అర్ధాకలితో చదివిన సంగతి చెప్పి, మీరూ అలా ఉండండని పిల్లలకి బోధించేవాళ్ళంటే మాత్రం నాకు చిరాకు. ఆ పొదుపు ఖరీదులో సగం బొంబాయి చాల్‌లో రమాబాయి కట్టింది. పస్తుల్ని ఆదర్శం చెయ్యొద్దు. ఆయన లెక్క చూసుకున్న పద్ధతి చూడండి చాలు.

రోహిత్ చివరి ఉత్తరంలో కూడా లెక్క ఉంది. ఏడు నెలల ఫెలోషిప్ 1,75,000 రావాలనీ, అది ఇంట్లోవాళ్ళకి అందేలా చూడమనీ, ఒక స్నేహితుడికి నలభై వేల దాకా ఇవ్వాలనీ, అతను ఎప్పుడూ అడగలేదనీ రాశాడు. నక్షత్రాల గురించి రాసిన వాక్యాల్ని మనం పోస్టర్ల మీద వేసుకున్నాం. ఈ వాక్యాల్ని వెయ్యలేదు. నాకు మటుకు ఆ ఉత్తరంలో ఊపిరాడనివ్వని చోటు అదే. రావాల్సిన డబ్బు రాకపోవడం, ఇవ్వాల్సిన డబ్బు మర్చిపోకపోవడం.

ఈ వ్యాసం రాస్తున్నానంటే ఒక కామ్రేడ్ మిత్రుడు అన్నాడు: "నువ్వూ మొదలెట్టావా? ప్రభుత్వం స్కాలర్‌షిప్పులు ఆపితే పిల్లల్ని పొదుపు చేసుకోమంటావా?" మాట పదునుగానే ఉంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం అని 2020 డిసెంబరులో నిర్ణయమైంది. ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఆదాయమున్న ఇళ్ళ పిల్లలకి అది దయ కాదు, హక్కు. ఒక ప్రభుత్వం తల్లి ఖాతాలో వేస్తానంటుంది, ఇంకొకటి కాలేజీ ఖాతాలో వేస్తానంటుంది, ఆలస్యం మాత్రం ఏ ఖాతాలో వేసినా ఒకటే. బకాయిల మీద ధర్నా చెయ్యాలి, చేస్తాం. నేనే టెంటు వేయిస్తాను. కానీ కామ్రేడ్, ధర్నాకి వచ్చేవాడి సర్టిఫికెట్లు ఫీజు బాకీ కింద కాలేజీ బీరువాలో ఉంటే వాడు ఎన్నాళ్ళు కూర్చుంటాడు? సమ్మెకి దిగే యూనియన్ ముందు సమ్మె నిధి పోగుచేస్తుంది గదా. దాన్ని పెట్టుబడిదారీ నీతి అని ఎవరూ అనలేదే.

నాకు ఈ విషయంలో గురువు మా అమ్మ. మిరపకోత కూలీలోంచి పదో పరకో కొంగున ముడేసేది. నాయన తాగే రోజుల్లో ఆ ముడి ఎక్కడుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. నా పదో తరగతి పరీక్ష ఫీజుకి ఒకసారి, చెల్లికి మలేరియా వచ్చినప్పుడు ఒకసారి, తాత పోయినప్పుడు ఒకసారి ఆ ముడి విప్పడం చూశాను. పండక్కి కొత్త బట్టలు కావాలని ఏడ్చినా విప్పలేదు. దేనికి విప్పాలో ఆమెకి ముందే తెలుసు. చదువు రాదు, లెక్క ఒక్కసారి తప్పలేదు.

ఇలాంటి కొంగుముళ్ళన్నీ కలిస్తే ఏమవుతుందో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు చూపించారు. 1992లో దూబగుంటలో రోసమ్మ లాంటివాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా కొట్టుకి పోకుండా మిగిలిన డబ్బు ఏం చెయ్యాలన్న ప్రశ్న అప్పుడొచ్చింది. రోజుకి రూపాయి చొప్పున దాచుకునే సంఘాలు కట్టారు, 'పొదుపులక్ష్మి' అని. మన రాష్ట్రంలో పొదుపు సంఘమనేది కొట్లాటలోంచి పుట్టిందన్నమాట. తర్వాత ఆ సంఘాల చుట్టూ అప్పుల కంపెనీలు చేరాయి. 2010 కల్లా మైక్రోఫైనాన్స్ వసూళ్ళ ఒత్తిడికి ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకునే దాకా వచ్చింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. పొదుపు చేసుకునే గుంపులోకి వడ్డీ దూరితే ఏమవుతుందో అక్కడే చూశాం.

సరే, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, చెయ్యగలిగింది మాట్లాడుకుందాం. కోటి వద్దు. ముందు ఆరు వేలు. డిగ్రీ పిల్లాడికి పరీక్ష ఫీజు 1,500, ఒక నెల మెస్ 3,000, రెండుసార్లు ఇంటికి పోయి రావడానికి 600, జ్వరమొస్తే డాక్టరుకీ మందులకీ 900. ఇంతే. ఇది ఉన్నవాడికి యాప్‌తో పనిలేదు. మీ ఊరికీ మీ కాలేజీకీ ఈ అంకెలు మారతాయి, ఎవరిది వాళ్ళు వేసుకోండి. క్యాటరింగ్‌కి వెళ్ళిన ప్రతి రాత్రీ ఐదొందల్లో నూటయాభై పక్కన పెడితే నలభై రాత్రులు. రెండు సీజన్లు.

పక్కన పెట్టడమంటే ఇంకో జేబులో కాదు. ఫోన్‌పే ఉన్న ఖాతాలో అసలే కాదు, స్కాన్ చేస్తే పోతుంది. పోస్టాఫీసులో ఐదొందలతో సేవింగ్స్ ఖాతా తెరవొచ్చు. బ్యాంకులో కనీస నిల్వ లేదని డబ్బు కోసుకుంటుంటే దాన్ని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అడగండి, అందులో నిల్వ ఉంచాల్సిన పనిలేదు. చాలామంది పిల్లలకి ఈ సంగతే తెలియదు. ఆరు వేలు నిండాక నెలనెలా వచ్చేదేమైనా ఉంటే పోస్టాఫీసు ఆర్డీ, నెలకి వంద నుంచి మొదలు. నెలకి ఐదొందల చొప్పున ఐదేళ్ళు కడితే 30 వేలకి, 2023 అక్టోబరు నుంచి ఉన్న 6.7 శాతం లెక్కన, 35,600 పైన వస్తాయి. ఇదేం మాయ కాదు. పీజీ సీటొచ్చిన రోజు చేతిలో ఉంటాయి, అంతే.

ఇంట్లో మూడు రూపాయల అప్పు నడుస్తుంటే మాత్రం ఆర్డీ మాట మర్చిపోండి. నూటికి నెలకి మూడంటే ఏడాదికి 36 శాతం. ఇరవై వేల అప్పుకి ఏడాదికి 7,200 పోతుంటే, అదే ఇరవై వేలు దాచి 1,300 సంపాదించానని మురిసిపోవడం అమాయకత్వం. బకాయి స్కాలర్‌షిప్ పడ్డ రోజు ఆరు వేలు పక్కన పెట్టి, మిగతాదాంతో ముందు ఆ నోటు చింపించండి. చింపించడం మీ కళ్ళతో చూడండి.

చెల్లెళ్ళకి ఒక మాట. మీ ఖాతా ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది? పోయిన నెల క్లాసులో అడిగితే ఇరవైరెండు మంది అమ్మాయిల్లో తొమ్మిది మందివి అన్నయ్యల దగ్గరో నాన్నల దగ్గరో ఉన్నాయి. 'పెళ్ళికి దాస్తున్నాం సార్' అన్నారట. మీ స్కాలర్‌షిప్ మీ చదువుకి ఇచ్చింది, మీ కట్నానికి కాదు. ఇంట్లో గొడవ పెట్టుకోమని చెప్పను, నాకు మీ ఇల్లు తెలియదు. కార్డు పోయిందని చెప్పి కొత్తది తెచ్చుకున్న అమ్మాయి ఒకరున్నారు, ఆ తెలివికి నేను మార్కులేస్తాను.

ఆన్‌లైన్ పేకాట, బెట్టింగ్ గురించి ఎక్కువ రాయను. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో, కేంద్రం 2025లో చట్టాలు చేశాయి. అయినా హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి ఫోన్ వెలుగు ఎందుకుంటుందో మీకే ఎక్కువ తెలుసు.

ఉద్యమంలో ఉన్నవాళ్ళకి ఇంకొకటి చెప్పాలి, కోపమొచ్చినా సరే. ఏప్రిల్ 14కి చందాలు వసూలు చేస్తాం. టెంటు, సౌండ్, ఫ్లెక్సీలు, భోజనాలు. తర్వాత లెక్క అడిగితే 'నన్ను అనుమానిస్తున్నావా అన్నా' అంటారు. నా 42 వేలలాగే ప్రతి ఏడూ ఎంతో కొంత 'తెలియదు'లో కలిసిపోతుంది. కొసకి సభ పెట్టిన కుర్రాడు సౌండ్‌బాక్సుల వాడికి బాకీ పడి దాక్కుంటాడు. నేనలా దాక్కున్నవాణ్ణే. లెక్క గోడకి అంటిస్తే అవమానం కాదు. వచ్చే ఏడు చందా ఇచ్చేవాడు దాన్ని చదివే ఇస్తాడు.

ఆ అబ్బాయి ఇంటి నుంచి వచ్చాక మా కాలేజీ పిల్లలే ఒకటి మొదలుపెట్టారు. పదిహేడు మంది. నెలకి వంద. పోస్టాఫీసులో ఇద్దరు అమ్మాయిల పేర్ల మీద ఖాతా. పరీక్ష ఫీజుకి, ఆసుపత్రికి, ఇంటికి హఠాత్తుగా వెళ్ళాల్సి వస్తే తీసుకోవచ్చు. వడ్డీ లేదు. సెమిస్టరు లోపు తిరిగి కట్టాలి. తీసుకున్నవాళ్ళ పేరు పుస్తకం రాసే ఇద్దరికి తప్ప ఇంకెవరికీ చెప్పరు. నేనూ నెలకి ఐదొందలు వేస్తానన్నాను, వద్దన్నారు. "మీరుంటే అడగడానికి సిగ్గుపడతారు సార్" అని మొహం మీదే చెప్పారు. స్టాఫ్‌రూమ్ గుమ్మం గుర్తొచ్చి ఊరుకున్నాను.

మొన్న శుక్రవారం ఆ అబ్బాయి క్యాటరింగ్ నుంచి నేరుగా కాలేజీకి వచ్చాడు. కళ్ళెర్రగా ఉన్నాయి, చొక్కాకి సాంబారు మరక. వంద నోటిచ్చి పుస్తకంలో సంతకం పెట్టాడు. దూరం నుంచే చూశాను, తెలుగులోనే పెట్టాడు. తర్వాత ఆ పుస్తకం నాకు చూపించారు. నోట్‌బుక్ ఖరీదు ముప్పై రూపాయలు. మొదటి పేజీలో మొదటి ఖర్చుగా అదే రాసి ఉంది.

జై భీమ్.